కార్డు చేరింది, కబురు చేరలేదు

సంపాదకుల వారికి నమస్కారం.

జబ్బు చేస్తే ఏ బస్సెక్కాలో ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. బరంపురం, ఛత్రపురం వాళ్లకు ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది. అక్కడ పని కాకపోతే ఇచ్ఛాపురం దాటి శ్రీకాకుళమో విశాఖో వెళ్తారు. పర్లాకిమిడి వాళ్లకు పాతపట్నం పక్కూరే. రాయగడ వాళ్లు పార్వతీపురం మీదుగా, జయపురం, సునాబేడ వాళ్లు సాలూరు ఘాటీ మీదుగా దిగుతారు. బస్సు సంగతి ఇంత బాగా తెలిసినవాళ్లకు జేబులో ఉన్న ఆరోగ్య కార్డు సంగతి సగం కూడా తెలియడం లేదు. తప్పు వాళ్లది కాదు. కార్డు ఇంటికొచ్చింది గాని, దాని నియమాలు మారినప్పుడల్లా ఆ మార్పు గురించిన కబురు వాళ్ల భాషలో వాళ్ల దాకా రావడం లేదు.

మారిందేమిటో ముందు క్లుప్తంగా. ఒడిశాలో 2018 నుంచి బిజూ స్వాస్థ్య కల్యాణ్ యోజన అనే రాష్ట్ర ఆరోగ్య పథకం నడిచింది, 2021లో దానికి స్మార్ట్ కార్డులొచ్చాయి. ప్రభుత్వం మారాక 2025 జనవరి 13న రాష్ట్రం కేంద్రంతో ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది ఏప్రిల్ 11న కటక్‌లో ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి ప్రారంభమయ్యాయి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆ ఇంటి ఆడవాళ్లకు అదనంగా మరో 5 లక్షలు. 70 ఏళ్లు దాటినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయవందన కార్డు విడిగా ఇస్తారు. కుటుంబంలో ఎంతమంది ఉన్నా పరిమితి లేదు. పాత జబ్బులకూ మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. పాత స్మార్ట్ కార్డు బీరువాలో భద్రంగా ఉంది కదా అని ధీమాగా ఉండేవాళ్లకు ఒక్క మాట: రాష్ట్రం దాటాక ఆసుపత్రి కంప్యూటర్ అడిగేది ఆయుష్మాన్ ఐడీని. అది లేకుండా విశాఖ బస్సెక్కవద్దు.

ఇంతవరకు అందరికీ తెలుసు, ప్రారంభోత్సవం రోజు మైకులో చెప్పింది ఇదే. ఆ తర్వాత వచ్చే చిన్న చిన్న మార్పులు మైకుల్లో వినబడవు. ఏ ఆసుపత్రి ఏ విభాగానికి జాబితాలో ఉంది, ఏ ప్యాకేజీని (ఒక్కో వైద్యానికి కట్టిన మొత్తం ధరను ప్యాకేజీ అంటారు) ప్రభుత్వ ఆసుపత్రులకే కేటాయించారు, ఫలానా ఆపరేషన్‌కు కొత్తగా ఏ కాగితం జతచేయాలి, రోగిని గుర్తించడానికి ఓటీపీ చాలునా, వేలిముద్ర కావాలా, మొహం ఫొటో తీయాలా: ఇవన్నీ సర్క్యులర్లలో ఉంటాయి. రాష్ట్రంలో పథకాన్ని నడిపే స్టేట్ హెల్త్ అస్యూరెన్స్ సొసైటీ నుంచి సర్క్యులర్ ఆసుపత్రికి వెళ్తుంది. అక్కడ హెల్ప్‌డెస్క్‌లో కూర్చునే ఆరోగ్యమిత్ర కంప్యూటర్‌లో ఆగిపోతుంది. రోగికి ఆ మార్పు తెలిసేది కౌంటరులో ‘ఇది ఇప్పుడు లేదు, డబ్బు కట్టండి’ అన్నాకే.

కేసు ఎలా కదులుతుందో తెలిస్తే ఎక్కడ ఆగుతుందో కూడా తెలుస్తుంది. ముందు ఆరోగ్యమిత్ర ఆధార్‌తో రోగిని గుర్తిస్తాడు. డాక్టర్ జబ్బుకు తగిన ప్యాకేజీ కోడ్ చెబుతాడు. ఆయుష్మాన్ జాతీయ జాబితాలో 27 విభాగాల కింద 1,900కు పైగా ప్రొసీజర్లున్నాయి, కోడ్ ఒక్క మెట్టు అటూ ఇటూ అయితే రేటు మారిపోతుంది. కోడ్‌తో పాటు రిపోర్టులు, రోగి ఫొటో అప్‌లోడ్ చేసి ముందస్తు అనుమతి అడుగుతారు. అవతల కూర్చున్న పరిశీలకుడికి ఏదైనా తక్కువనిపిస్తే తిరస్కరించడు, ‘క్వెరీ’ వేస్తాడు. రోగి పక్షాన అందరికీ అపార్థమయ్యే మాట ఇదే. క్వెరీ అంటే కాదన్నట్టు కాదు, ఇంకో కాగితం కావాలన్నట్టు. గుండెకు స్టెంటు వేయాలనుకోండి. ఈసీజీ, ఎకో, యాంజియోగ్రామ్ రిపోర్టు మూడూ చదవగలిగేలా ఎక్కాలి. రిపోర్టును సెల్‌ఫోన్‌తో వంకరగా ఫొటో తీసి పెడితే సగం అక్షరాలు కనిపించవు, క్వెరీ వస్తుంది. ఆపరేషన్ అయ్యాక స్టెంటు డబ్బా మీది బార్‌కోడ్ స్టిక్కర్ ఒలిచి కేసు షీటుకు అంటించి, దాని ఫొటో క్లెయిమ్‌తో పంపాలి. ఆ వేలెడంత స్టిక్కర్ థియేటర్ చెత్తబుట్టలోకి పోతే ఆసుపత్రికి రావాల్సిన డబ్బు ఆగుతుంది. డబ్బు ఆగిన ఆసుపత్రి తర్వాతి కార్డు రోగిని చూసి మొహం తిప్పుకుంటుంది. ఒకరి నిర్లక్ష్యానికి మరొకరు జరిమానా కట్టడమంటే ఇదే.

అందుచేత ‘అప్రూవల్ రాలేదు’ అని కౌంటరులో చెబితే అక్కడే రెండు ప్రశ్నలు అడగండి. రిజెక్టు అయిందా, క్వెరీ వచ్చిందా? క్వెరీ అయితే అడిగిన కాగితం ఏది? ఆ వాక్యాన్ని స్క్రీన్ మీద చూపించమనండి. చాలాసార్లు అది ఆసుపత్రి ల్యాబ్‌లోనే ఉండే కాగితం. ప్రాణం మీదికొచ్చిన కేసులో ఈ తతంగం అయ్యేదాకా వైద్యం ఆపకూడదు. ముందు చేర్చుకుని మొదలుపెట్టాలి, కాగితాలు వెనకనుంచి వస్తాయి.

ఇక పేర్ల గొడవ. బయటివాళ్లకు ఇది నవ్వులాటగా ఉంటుంది గాని, మన జిల్లాల్లో కార్డులు ఆగేది ఎక్కువగా ఇక్కడే. ఉదాహరణకు గేదెల వెంకటలక్ష్మి అనే పేరు తీసుకుందాం. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పేరు వెనక. కొందరికి ఇంటిపేరు పొడి అక్షరమై ‘జి.’ అయిపోయి ఉంటుంది. రేషన్ కార్డు రాసేది ఒడియాలో. ఒడియావాళ్లు ‘వె’ను సాధారణంగా ‘భె’గా రాస్తారు, కాబట్టి వెంకట కాస్తా భెంకట అవుతుంది. దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి దించినప్పుడు మొదటి అక్షరం ‘వి’ పోయి ‘బి’ వస్తుంది, లక్ష్మిలో ‘కె’, ‘ఎస్’, ‘హెచ్’ మూడూ పోయి ఒక్క ‘ఎక్స్’ మిగులుతుంది, ఇంటిపేరు చివరికి వెళ్తుంది. ఒడియా లిపిలో ‘ఎ’కూ ‘ఏ’కూ తేడా లేదు, ‘ఒ’కూ ‘ఓ’కూ లేదు. మనిషి ఒక్కతే, కంప్యూటర్‌కు మాత్రం ఇద్దరు. ఆయుష్మాన్ కార్డు ఇచ్చేముందు ఆధార్ పేరూ రేషన్ కార్డు పేరూ ఎంత శాతం కలిశాయో అది లెక్కేస్తుంది. శాతం బాగుంటే కార్డు అప్పటికప్పుడు వస్తుంది. తగ్గితే ఒక అధికారి కళ్లతో చూసి ఆమోదించేదాకా పెండింగ్. ఆసుపత్రి మంచం మీద పడుకున్నాక ఈ పెండింగ్ సంగతి బయటపడితే ఇంటిల్లిపాదీ పరుగులు.

దిద్దుబాటు ఎక్కడ చేయించాలన్నదాంట్లో చాలామంది పొరపాటు పడుతున్నారు. ఆధార్ సెంటరుకు పరిగెత్తి అక్కడ పేరు మార్పిస్తున్నారు. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోవచ్చు, పుట్టిన తేదీ ఒక్కసారే. రేషన్ కార్డు తప్పును సరిపెట్టడానికి ఆధార్ మార్చితే బ్యాంకు పాస్‌బుక్కు, పిల్లల సర్టిఫికెట్లు మళ్లీ తేడా వస్తాయి. ఆధార్‌ను కదపకుండా, ఆధార్ నకలు జతచేసి బ్లాకు ఆఫీసులోనో మున్సిపాలిటీలోనో రేషన్ కార్డు పేరునే ఆధార్‌కు సరిపోయేలా దిద్దించుకోవాలి. కొత్త కోడలి పేరు రేషన్ కార్డులో ఎక్కించడం కూడా ఇదే వరుసలో కానివ్వాలి. పుట్టింటి కార్డులో పేరు తీయించకుండా అత్తింటి కార్డులో చేర్చరు. పుట్టిల్లు ఆంధ్రాలో అయితే ఆ తొలగింపు కాగితం అక్కడినుంచి తెచ్చుకోవాలి. కాన్పు నెలలో మొదలుపెట్టే పని కాదిది.

70 దాటినవాళ్ల కార్డుకు రేషన్ కార్డు అక్కర్లేదు, ఆధార్‌లోని వయసే ప్రమాణం. ముసలాయనకు 74 ఉన్నా ఆధార్‌లో 66 అని పడితే హెల్ప్‌డెస్క్ ఏమీ చేయలేదు. రిటైరైన రైల్వే, రక్షణ శాఖ ఉద్యోగుల ఇళ్లు ఈ వైపు కొన్ని ఉన్నాయి కాబట్టి మరో సంగతి. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం, మాజీ సైనికుల పథకం లాంటివి ఉన్నవాళ్లు ఆ పాతదో వయవందనో ఒకటే ఎంచుకోవాలి. ప్రైవేటు బీమా, ఈఎస్ఐ ఉన్నవాళ్లకు ఆ అడ్డు లేదు.

ఓటీపీ సంగతి గంజాం జిల్లావాళ్లకు వివరించాల్సిన పని లేదు. ఇంటాయన సూరత్ మగ్గాల దగ్గర ఉంటాడు, ఇంట్లో అందరి ఆధార్‌కూ ఆయన ఫోన్ నంబరే. ఇక్కడ అత్తగారిని చేర్చుకుంటుంటే ఓటీపీ సూరత్‌లో మోగుతుంది. ఆయన రాత్రి పాళీలో ఉంటే ఫోన్ ఎత్తడు. పది నిమిషాల్లో ఓటీపీ చచ్చిపోతుంది. వేలిముద్ర పెడదామా అంటే, జీడిపిక్కలు వలిచే ఆడవాళ్ల వేళ్లకు గీతలే మిగలవు, పిక్క తొక్కలో నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. ఇలాంటివాళ్లకు కనుపాప స్కాన్, మొహం ఫొటోతో ధ్రువీకరణ అనే రెండు దారులు సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాయి. ‘వేలు పడటం లేదు, రేపు రండి’ అంటే ‘మొహంతో చేయండి’ అని అడగండి. ఈ ఒక్క వాక్యం ఒడియాలో, తెలుగులో రాసి ప్రతి హెల్ప్‌డెస్క్ గోడకు అంటించడానికి ఏ బడ్జెటూ అక్కర్లేదు, ఒక ఏ4 కాగితం చాలు.

సరిహద్దు దాటి వెళ్లేవాళ్లకు అసలు చిక్కు వేరే. ఒక రాష్ట్రం కార్డు మరో రాష్ట్రంలో చెల్లడాన్ని పోర్టబిలిటీ అంటారు. విశాఖ ఆసుపత్రిలో ఒడిశా రోగి చేరితే అనుమతి ఇచ్చేది ఒడిశా, డబ్బు కట్టేదీ ఒడిశానే. రాష్ట్రంలోపలి ఆసుపత్రికి క్లెయిమ్ 15 రోజుల్లో చెల్లించాలని నిబంధన, పొరుగు రాష్ట్రపు ఆసుపత్రికి గడువు 30 రోజులు. తన రాష్ట్రం రోగి అయితే డబ్బు ముందొస్తుంది, పక్క రాష్ట్రం రోగి అయితే ఆలస్యం. ‘మంచాలు ఖాళీ లేవు’ అనే జవాబు వెనక చాలాసార్లు ఈ లెక్క ఉంటుంది. ఇది ఆసుపత్రి దుర్మార్గమని తిట్టి ఊరుకుంటే లాభం లేదు, గడువు దాటిన ప్రతి పోర్టబిలిటీ బిల్లుకూ ఒడిశా జవాబు చెప్పాలి.

రెండో చిక్కు బోర్డుల వల్ల. ఆంధ్రా ఆసుపత్రి గుమ్మంలో ఎన్టీఆర్ వైద్యసేవ బోర్డు చూసి ఇక్కడ మన కార్డు చెల్లుతుందనుకుంటారు. అది ఆంధ్రా కుటుంబాల పథకం, ఒకప్పుడు ఆరోగ్యశ్రీ అన్న పేరుతో నడిచిందే. ఆ బోర్డు ఉన్నంత మాత్రాన ఒడిశా ఆయుష్మాన్ కార్డు తీసుకోవాలని లేదు. ఆయుష్మాన్ జాబితాలో ఉన్నా అన్ని విభాగాలకూ ఉండకపోవచ్చు. ఎముకల విభాగానికి ఉండి గుండెకు లేని ఆసుపత్రులుంటాయి. కాబట్టి బస్సెక్కే ముందు ఇంటి దగ్గరే చూసుకోవాలి. ఆయుష్మాన్ యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో ఆసుపత్రుల జాబితాలో రాష్ట్రం, జిల్లా, ఆ తర్వాత విభాగం, ఈ మూడూ ఎంచుకుని వెతకాలి. విభాగం వదిలేసి వెతికితే పొడుగాటి జాబితా వచ్చి మనసుకు సంతోషంగా ఉంటుంది, ప్రయాణం దండగవుతుంది. యాప్ లేనివాళ్లు పథకం హెల్ప్‌లైన్ 14555కు ఫోన్ చేసి ఆసుపత్రి పేరు, విభాగం రెండూ చెప్పి అడగాలి. తర్వాత ఆసుపత్రికి ఫోన్ చేసి ‘ఒడిశా ఆయుష్మాన్ కార్డు, ఫలానా ఆపరేషన్’ అని ఆరోగ్యమిత్రతోనే మాట్లాడాలి, రిసెప్షన్‌తో కాదు. కుటుంబం 5 లక్షల్లో ఇంకా ఎంత మిగిలిందో బయల్దేరే ముందే చూపించుకోవాలి. ఆడవాళ్ల అదనపు 5 లక్షలు వాడాల్సి వచ్చే పెద్ద కేసయితే, అది ఆ ఆసుపత్రిలో వర్తిస్తుందో లేదో ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

ప్యాకేజీలో ఏముంటుందన్నదాని మీద కౌంటరుకూ రోగికీ రోజూ జరిగే వాదన ఒకటుంది. చేరకముందు 3 రోజుల పరీక్షలు, మందులు, ఇంటికెళ్లాక 15 రోజుల మందులు, ఫాలోఅప్ అన్నీ ప్యాకేజీ ధరలోనే ఉన్నాయి. చేరకుండా ఓపీలో చూపించుకుని వెళ్లిపోతే పథకం వర్తించదు. స్కానింగ్‌కు డబ్బు కట్టించుకుని ‘చేరితే చూద్దాం’ అన్నప్పుడు ఆ రసీదు పారేయకూడదు. 3 రోజుల్లోపు చేరితే అది ప్యాకేజీలోకి రావాల్సిన ఖర్చే. డిశ్చార్జి రోజు మందుల చీటీ చేతిలో పెట్టి బయట కొనుక్కోమంటే 15 రోజుల మందులు అడగాలి. అడ్వాన్సు అడగకూడదన్నది నియమం. అడిగితే కట్టకముందే, ఆ కౌంటరు దగ్గరే నిలబడి 14555కు ఫోన్ చేయాలి. కట్టి ఇంటికొచ్చాక చేసిన ఫోన్‌కు బలం తక్కువ. డిశ్చార్జి రోజు సంతకాలు పెట్టించుకునే కాగితాల్లో ‘నా దగ్గర డబ్బు తీసుకోలేదు’ అనే వాక్యం ఉందేమో ఎవరిచేతనైనా చదివించుకోవాలి. తెలుగు మాత్రమే చదవగలిగినవాళ్ల చేత ఇంగ్లీషులోనో ఒడియాలోనో ఉన్న కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడం ఏ న్యాయమో అధికారులే చెప్పాలి.

ఇక్కడ అమెరికా మెడికెయిడ్ ప్రస్తావన తెస్తే అసందర్భం అనుకోరు కదా. మన జిల్లాల పిల్లలు కూడా అక్కడ ఆసుపత్రుల బిల్లింగ్‌లో, బీమా సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తున్నారు. 1965లో మొదలైన ఆ పథకం పేదలది, ఖర్చు కేంద్రం, రాష్ట్రాలు పంచుకుంటాయి. దాంట్లో నాలుగింట మూడొంతుల మందికి వైద్యం మేనేజ్‌డ్ కేర్ సంస్థల ద్వారా అందుతుంది. రాష్ట్రం ఒక్కో మనిషికి నెలకింత అని ఆ సంస్థకు ముందే కడుతుంది, ఆ మనిషికి ఆసుపత్రి చూపించే బాధ్యత సంస్థదే. మన దగ్గర అలా కాదు, చేసిన ఆపరేషన్‌కు ఆసుపత్రికి డబ్బు ఇస్తారు. అందుకే ఒక ఆసుపత్రి జాబితాలోంచి తప్పుకుంటే ‘మరి ఈ రోగి ఎక్కడికి వెళ్లాలి’ అని తలపట్టుకునేవాడు మన ఏర్పాటులో ఎవడూ లేడు. అక్కడి ఏర్పాటంతా గొప్పదని కాదు. కోవిడ్ నాటి సడలింపు 2023 మార్చి 31తో ముగిశాక రాష్ట్రాలు అర్హత తిరిగి పరిశీలించినప్పుడు 2 కోట్ల 50 లక్షల మందికి పైగా పేర్లు పోయాయి. వాళ్లలో పదికి దాదాపు ఏడుగురివి అర్హత లేక పోయినవి కావు. ఫారం అందకో, తిరిగి పంపకో, చిరునామా మారో పోయాయి. సూరత్‌లో మోగిన ఓటీపీకి అన్నగారన్నమాట. 2025 జులైలో వచ్చిన కొత్త చట్టంతో, పథకాన్ని విస్తరించినప్పుడు చేరిన వయోజనులకు 2027 నుంచి నెలకు 80 గంటల పని నియమం, ఆరు నెలలకోసారి అర్హత పరీక్ష రాబోతున్నాయి. అక్కడా మళ్లీ కాగితాల పరుగే.

అయినా మనం అరువు తెచ్చుకోదగ్గ నియమాలు వాళ్ల పుస్తకంలో కొన్ని ఉన్నాయి. డాక్టరో ఆసుపత్రో సంస్థ జాబితాను (నెట్‌వర్క్‌ను) వదిలేస్తుంటే, అక్కడ క్రమంగా చూపించుకుంటున్న రోగులకు సంస్థ రాతపూర్వకంగా చెప్పాలి. ఒప్పందం ముగిసే తేదీకి 30 రోజుల ముందో, తప్పుకునే నోటీసు చేతికందిన 15 రోజుల లోపో, ఏది తర్వాతదైతే అప్పటిలోగా. ముందస్తు అనుమతికి మామూలు కేసులో ఉన్న 14 రోజుల గడువు 2026 జనవరి నుంచి 7 రోజులైంది, అత్యవసరమైతే 72 గంటలు. కాదంటే ఎందుకు కాదో స్పష్టంగా కారణం చెప్పాలి. ఆ మీద సంస్థకు అప్పీలు చేసుకోవడానికి 60 రోజులు. మనకు అన్నిటికంటే ముఖ్యమైనది భాష: ఆ ప్రాంతంలో ఎక్కువగా వాడుకలో ఉన్న ఇంగ్లీషేతర భాషల్లో ముఖ్యమైన నోటీసులు ఇవ్వాలి, దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి. రాష్ట్రం తన విధానం మార్చినప్పుడు ఆ మార్పు సంస్థకు అందడంతో పని అయిపోదు, రోగికి అర్థమయ్యే ఉత్తరంగా మారాలి.

వైద్యం సగంలో ఉన్నవాళ్ల సంగతి కూడా అక్కడ నియమంగా ఉంది. ఒక సంస్థ నుంచి మరో సంస్థకు మారిన రోగి కొంతకాలం పాత డాక్టర్ దగ్గరే చూపించుకునేలా ప్రతి రాష్ట్రమూ ఏర్పాటు చేయాలి. మన దగ్గర ఈ మార్పులు ఎక్కువగా కొరికేది కీమో రోగులను, డయాలసిస్ రోగులను. చాలా కీమోలు 21 రోజులకొకటి. మూడో డోసుకూ నాలుగో డోసుకూ మధ్య ఆసుపత్రి జాబితాలోంచి పోతే కొత్త చోట మళ్లీ మొదటినుంచి కాగితాలు, మళ్లీ స్కానింగ్, మళ్లీ అనుమతి. క్యాన్సర్ కణానికి సర్క్యులర్ తేదీ తెలియదు. డయాలసిస్ అయితే వారానికి రెండు మూడుసార్లు, సారికి నాలుగు గంటలు. ఒక్క వారం తప్పితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ శ్రీకాకుళం ఉద్దానం పక్కనే ఉన్నవాళ్లం, కిడ్నీ రోగి వారం ఎలా గడుస్తుందో ఇక్కడ చెప్పనక్కర్లేదు. ఏ మార్పు తెచ్చినా ‘ఈ తేదీకి ముందు మొదలైన వైద్యం పూర్తయ్యేదాకా పాత చోటే సాగుతుంది’ అన్న ఒక్క వాక్యం సర్క్యులర్‌లో ఉండి తీరాలి. ఈ ఉత్తరంలో మా కోరికలన్నీ పక్కన పెట్టినా ఫర్వాలేదు గాని ఇది మాత్రం కావాలి.

తెలుగులో ఇవ్వమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. భాషా అల్పసంఖ్యాకుల రక్షణలపై 1956లో కేంద్ర హోం శాఖ మెమొరాండం ఇచ్చింది. 1961లో ముఖ్యమంత్రుల సమావేశం దాన్ని మరింత చిన్న ప్రాంతాల దాకా తెచ్చింది. జిల్లాలో గాని, మున్సిపాలిటీ, తహసీలు లాంటి చోట గాని ఒక భాషవాళ్లు 15 నుంచి 20 శాతం ఉంటే ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు, నియమాలు వాళ్ల భాషలో కూడా వేయడం మంచిదని ఒప్పుకున్నారు. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ పట్టణాల్లో తెలుగు ఎంత వినిపిస్తుందో బజారులో పావుగంట నిలబడితే తెలుస్తుంది. సర్క్యులర్ మొత్తం తర్జుమా చేయనక్కర్లేదు. ప్రతి సర్క్యులర్‌కూ పైన ఒక పేజీ చాలు: ఏం మారింది, ఏ తేదీ నుంచి, ఎవరికి వర్తించదు, అడగాల్సిన ఫోన్ ఏది. అది ఒడియాలో, తెలుగులో. గజపతి, రాయగడ కొండల్లో సవర, కుయి మాట్లాడేవాళ్లకు రాత కంటే మాట మేలు, ఆశా కార్యకర్త నోట చెప్పించాలి. జిల్లా ఆసుపత్రుల హెల్ప్‌డెస్కుల్లో ఒక పాళీకైనా తెలుగు వచ్చిన ఆరోగ్యమిత్ర ఉండాలి. అలాగే ఒడిశా రోగులు ఎక్కువగా వెళ్లే విశాఖ ఆసుపత్రుల్లో ఒడియా వచ్చిన మనిషి ఒకరు ఉంటే బాగుంటుంది, కొరాపుట్ నుంచి వెళ్లే ఒడియావాళ్ల పాట్లు మనకంటే తక్కువేమీ కాదు. పేర్ల విషయంలో అయితే ‘వ’కు ‘భ’, ‘క్ష’కు ‘ఎక్స్’, ఇంటిపేరు ముందూ వెనకా అన్న మూడు నాలుగు తేడాలను పెండింగ్ కేసులు ఆమోదించే అధికారికి ఒక పట్టికగా ఇస్తే, ఆ కట్ట ఒక్క నెలలో కరుగుతుంది.

ఇది ఒడిశా అంచున ఉన్నవాళ్లకే పరిమితమైన కథా కాదు. గడ్చిరోలి జిల్లా సిరొంచ వైపు తెలుగువాళ్లు గోదావరి దాటి వరంగల్‌కు వెళ్తారు. వాళ్ల కార్డు మహారాష్ట్రది, కాగితాలు మరాఠీలో, ఆసుపత్రి తెలంగాణలో. అక్షరాలు వేరు గాని కౌంటరు దగ్గర వినబడే జవాబు ఒకటే.

ఫిర్యాదు చేయదలచినవాళ్లకు. 14555, ఒడిశాలో 104, రెండూ ఉన్నాయి. ఫోన్ చేస్తే ఫిర్యాదు సంఖ్య అడిగి రాసుకోండి, సంఖ్య లేని ఫోన్ గాలిలో కలుస్తుంది. దాని మీద పని జరగకపోతే కలెక్టర్ ఆధ్వర్యంలోని జిల్లా ఫిర్యాదుల పరిష్కార కమిటీకి కాగితం పెట్టాలి. అందులో ఆసుపత్రిలో చేరిన తేదీ, ఆయుష్మాన్ ఐడీ, చెప్పిన జబ్బు, అడిగిన లేదా కట్టిన డబ్బు, రసీదు సంఖ్య, ఆరోగ్యమిత్రతో మాట్లాడిన రోజు, వేళ ఉండాలి. ఆవేశం ఒక వాక్యానికి మించకూడదు. ఆ కాగితం ఒడియాలో రాయించడానికి కోర్టు దగ్గర టైపిస్టుకు డబ్బు పోయనక్కర్లేదు. రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి అర్జీ పెట్టుకోవచ్చని రాజ్యాంగం 350వ అధికరణం చెబుతోంది. తెలుగులోనే రాయండి. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో ఆఫీసు ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి.

ఇట్లు,
గంజాం, గజపతి, రాయగడ జిల్లాల పాఠకులు కొందరు